బట్టతలకు హెయిర్‌పిన్

డ్రైవర్ తాతయ్య నుదుటి బ్యాండ్‌లో హెయిర్‌పిన్ దొరికింది. డ్రైవర్ తాతయ్య తల మీద చూస్తే మచ్చుకైనా ఒక్క వెంట్రుక లేదు!

టెక్నీషియన్ ఆ పిన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. పెద్దవాళ్ళుండే ఆ హోమ్‌లో అతన్ని అందరూ ‘కరెంటబ్బాయి’ అంటారు. రోజూ సాయంత్రం వచ్చి, నిద్ర పట్టనివాళ్ళ నుదుటికి మెత్తటి బ్యాండ్ కట్టి వెళ్ళడం అతని పని. పెట్టుకున్నవాళ్ళకు తెలియనైనా తెలియనంత సన్నటి కరెంటు అందులోంచి వెళ్ళి, నిద్రను బుజ్జగించి పిలుస్తుందేమో చూడాలని పరీక్ష. మాత్ర లేదు, సూది లేదు. ఎవరు ఎంతసేపు నిద్రపోయారో కూడా ఆ బ్యాండే లెక్క రాసుకుంటుంది. అయితే కొన్ని బ్యాండ్లు నిజమైనవి, కొన్ని ఉత్తుత్తివి. ఏది ఏదో అతనికీ తెలియదు, నర్సుకూ తెలియదు. పరీక్ష నడిపే ప్రొఫెసర్‌గారికి ఒక్కరికే తెలుసు.

ఇక పిన్నుల సంగతికొస్తే, హోమ్‌లో ముడి చుట్టూ బోలెడు పిన్నులు గుచ్చుకునే మనిషి నర్సే. ఆ విషయం అతనికి బాగా తెలుసు. చూడకూడదనుకుంటూనే రోజూ చూస్తున్నాడు మరి.

కాస్త ఆలోచించి మాట్లాడి ఉంటే బాగుండేది. నోరు ఊరుకుంటేగా!

"ఏమండీ, డ్యూటీలో మీరు గానీ ఈ బ్యాండ్ పెట్టుకుని ఓ కునుకు తీశారా?"

దుప్పటి మడత పెడుతున్న నర్సు చేతులు ఆగిపోయాయి.

"ఏమన్నారూ?"

"అంటే... పిన్ను దొరికితేనూ..."

"తాతయ్య బ్యాండ్ లాక్కుని మరీ పడుకున్నానంటారా! కళ్ళు పెట్టి చూడండి. నా పిన్నులు నల్లవి. ఇది గోధుమరంగుది. ఆ కరెంటేదో ముందు మీ బుర్రకి పెట్టుకోండి సార్!"

అతని మొహం మాడిపోయింది. "సారీ అండీ. మరి ఇదెవరిది?"

ఆమె కోపం ఉన్నపళంగా చల్లారింది. "మేడమ్‌గారిది," అంది మెల్లగా.

మేడమ్‌గారంటే పక్క గదిలో ఉండే రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్. భర్త పోయినప్పటి నుంచి నిద్ర లేదు. మాత్రలు వేసుకుంటే పొద్దున కాళ్ళు తేలిపోయేవి. ఒకసారి బాత్‌రూమ్‌లో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు కూడా. ఈమధ్యే హాయిగా నిద్రపోతున్నారని డాక్టరు మాత్రలు మానిపించాడు. ఆ రోజు నర్సు ఆనందం చూడాలి, తనకే ప్రమోషన్ వచ్చినట్టు హోమంతా చెప్పుకుని తిరిగింది.

ఇద్దరూ వెళ్ళి డ్రైవర్ తాతయ్యను నిలదీశారు.

"మార్చుకున్నాంరా అబ్బాయ్," అన్నాడాయన, తప్పేముందన్నట్టు. "నాది నాకు బిగుతుగా ఉంది. నువ్వు కట్టి అటు వెళ్ళగానే ఇటు మార్చుకుంటాం. పొద్దున మళ్ళీ ఎవరిది వాళ్ళకిచ్చేస్తాం. ఎవరికీ నష్టం లేదుగా?"

నష్టం లేకపోవడమేమిటి! ఆవిడ నిద్ర ఈయన లెక్కలోకి, ఈయన నిద్ర ఆవిడ లెక్కలోకి ఎక్కుతోంది. బస్సు తప్పిపోతుందని, కట్టీ కట్టగానే పరుగెత్తే కరెంటబ్బాయికి ఆ సంగతి తెలియనే తెలియదు.

వరండాలోకి రాగానే వాన మొదలైంది. నర్సు అతనికి అడ్డంగా నిలబడింది.

"ప్రొఫెసర్‌గారికి చెప్పకండి, ప్లీజ్. చెబితే ఇద్దరినీ తీసేస్తారు, బ్యాండ్లు పట్టుకుపోతారు. మేడమ్‌గారికి మళ్ళీ మాత్రలే గతి. మళ్ళీ పడితే?"

"చెప్పకపోతే లెక్క తప్పవుతుందండీ. ఇలాంటి హోమ్‌లు ఎన్నున్నాయో, వాటిలో ఎంతమంది మేడమ్‌గార్లు ఉన్నారో! రేపు వాళ్ళందరికీ ఇది పనికొస్తుందో లేదో ఈ లెక్కే కదా చెప్పాలి."

"అయితే మీ లెక్కే మీకు ముఖ్యమన్నమాట."

"మీ మాట కూడా ముఖ్యమే. అందుకే ఇంత కష్టంగా ఉంది."

ఆమె విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. ఈ ఫోన్ చేస్తే ఆ మనిషి ఇక జన్మలో తన మొహం చూడదని అతనికి అర్థమైంది. గుండె రాయి చేసుకుని, చూరు కింద నిలబడి ఫోన్ చేశాడు. ఫోను పెట్టేసేసరికి చొక్కా సగం తడిసిపోయింది.

మర్నాడు సాయంత్రం ప్రొఫెసర్‌గారి నిర్ణయం చెప్పడానికి వచ్చాడు. నర్సు మేడమ్‌గారి కుర్చీ వెనకాల కాపలా ఉన్నట్టు నిలబడింది. పక్కనే డ్రైవర్ తాతయ్య కూర్చున్నాడు.

"మీ ఇద్దర్నీ లెక్కలోంచి తీసేశారు," అన్నాడు. "కానీ బ్యాండ్లు తీసెయ్యరు. ఇక దాచాల్సిన పని లేదు కాబట్టి ఏది నిజమైనదో కూడా చెప్పారు. నిజమైనది డ్రైవర్ తాతయ్యకిచ్చిందే. మేడమ్‌గారూ, మీరు ఇన్నాళ్ళూ పెట్టుకున్నది అదే."

"మరి ఈయన పెట్టుకున్నది?" అన్నారు మేడమ్‌గారు.

"ఉత్తుత్తిది. తాతయ్య చాలా రాత్రులు మేలుకునే ఉన్నాడు."

నర్సు నోరు వెళ్ళబెట్టింది. "రోజూ పొద్దున్నే అడిగితే బ్రహ్మాండంగా పట్టిందన్నావు కదా తాతయ్యా!"

డ్రైవర్ తాతయ్య బట్టతల తడుముకున్నాడు. "మొదట్లో దాంతో భలే నిద్ర పట్టింది. గోడ అవతల ఆవిడ తెల్లవార్లూ పచార్లు చేస్తుంటే మనసొప్పలేదు. ఊరికే ఇస్తానంటే పుచ్చుకోరు. అందుకే బిగుతన్నాను."

"ఎంత పని చేశారండీ!" అన్నారు మేడమ్‌గారు. "ఇన్నాళ్ళు నిద్ర మానుకుని ఎలా ఉన్నారు?"

"నాకేం కొత్తండీ? ఏళ్ళ తరబడి రాత్రి బస్సు తోలాను. వెనకాల అంతమంది నన్ను నమ్మి నిద్రపోతుంటే, ముందు మేలుకుని కూర్చోవడం బాగుంటుందండీ."

ఎప్పుడూ ఎవరిముందూ కంట తడి పెట్టని మేడమ్‌గారు ఏడ్చేశారు. రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నారు. "మీ రుణం ఎలా తీర్చుకోను?" అన్నారు. ఆ మాటకు నర్సు కళ్ళు కూడా నిండాయి.

"తాతయ్యకి కూడా నిజమైనదే తెచ్చాను," అంటూ కరెంటబ్బాయి సంచీ విప్పాడు. ఈసారి బస్సు సంగతి తలుచుకోకుండా, తీరిగ్గా కట్టాడు.

గేటు దాకా నర్సు వెంట వచ్చింది. మళ్ళీ వాన మొదలైంది. "నిన్న తొందరపడి మాట అన్నాను. మీరు చెప్పబట్టే ఇద్దరికీ మేలు జరిగింది. చాలా థాంక్సండీ."

"నేనే మీకు థాంక్స్ చెప్పాలి. వాళ్ళని అంత ప్రేమగా చూసుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు. రేపటి నుంచి ఇక్కడికి వేరే అతను వస్తాడు."

ఆమె మొహం వాడిపోయింది. "అయ్యో! మీకు పనిష్మెంటా?"

"కాదు. నేనే అడిగాను. నిన్న ఫోన్‌లో జరిగిందంతా చెప్పాక, ఇంకోటి కూడా చెప్పేశాను. ఇక్కడ పనిచేసే నర్సంటే నాకు ప్రాణం, ఆవిడ అడిగితే లెక్క దాచెయ్యాలనిపించింది, ఇంకోసారి అడిగితే దాచేస్తానేమో, నన్ను ఇక్కడ ఉంచకండీ అని."

నర్సు నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నాకు చెప్పకుండా ముందు ప్రొఫెసర్‌గారికి చెప్పారా?"

"రూలు అండీ..."

"మరి ప్రొఫెసర్‌గారేమన్నారు?"

"నర్సు ఒప్పుకుంటే ఆ కబురు మొదట తనకే చెప్పమన్నారు."

"అయితే మళ్ళీ ఫోన్ చెయ్యండి," అంది నర్సు, అతని చేతిలోంచి సంచీ అందుకుంటూ. "వాన తగ్గాక చేద్దురుగాని. ముందు లోపలికి రండి, తడిసిపోతున్నారు."