పైకా, కిందికా?

అమెరికాలోని క్యారీ ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎవరు పాడినా, ఎక్కడ శ్రుతి తప్పిందో చెప్పే బాధ్యతను ఫణి తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు. పన్నెండేళ్ళు వయొలిన్ నేర్చుకున్న చెవి మరి. అందుకే వినికిడి పరిశోధనకు మనుషులు కావాలని యూనివర్సిటీవాళ్ళు అడగ్గానే, వాళ్ళకేదో మేలు చేస్తున్నట్టు వెళ్ళాడు.

పరీక్ష పెట్టింది అవని. వరంగల్ నుంచి వచ్చి అక్కడే పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. హెడ్‌ఫోన్స్ ఇచ్చి, వెంటవెంటనే రెండు స్వరాలు వినిపించి, రెండోది పైకి వెళ్ళిందా, కిందికి దిగిందా చెప్పమంది.

"కిందికి," అన్నాడు ఫణి, ఇంత తేలికా అన్నట్టు.

అంతా అయ్యాక, ఆమెకేం వినిపిస్తుందని అడిగాడు. తనకైతే పైకి వెళ్ళినట్టే ఉంటుందని ఆమె మామూలుగా చెప్పింది. అంతే, ఫణి ఇరవై నిమిషాలు వాదించాడు. హెడ్‌ఫోన్స్ పాడయ్యాయన్నాడు. వేరే జత పెట్టుకున్నాడు. మళ్ళీ కిందికే. నవ్వు ఆపుకుంటున్న ఆమె బుగ్గ మీద సొట్ట పడింది. అది చూస్తూ, తాను ఏం వాదిస్తున్నాడో మరిచిపోయాడు. ఆ ఉక్రోషం కూడా కలిపి, ఇంటికెళ్ళగానే టెస్టే తప్పని ల్యాబ్‌కు మెయిల్ కొట్టాడు.

మర్నాడు జవాబొచ్చింది. ఏది పైదో, ఏది కిందిదో తేలకుండా ఆ స్వరాలను కావాలనే అలా తయారుచేశారట. కొందరికి ఎక్కినట్టు, కొందరికి దిగినట్టు వినిపిస్తాయట. సంగీతం వచ్చినా రాకపోయినా అంతేనట. చిన్నప్పటి నుంచి చెవిన పడ్డ మాటతీరు కూడా ఒక కారణం కావచ్చట. కాబట్టి ఇద్దరూ కరెక్టే. కింద సంతకం అవనిది.

ఆ సాయంత్రమే ఫణి ల్యాబ్‌కు వెళ్ళాడు. దారంతా సారీ ప్రాక్టీస్ చేసి, ఆమె ఎదురుపడగానే అంతా మరిచిపోయి, "మీకెందుకు పైకి వినిపిస్తుందో?" అన్నాడు.

"మా వరంగల్ యాస వల్లేమో. అది తెలుసుకుందామనే చదువుతున్న."

"లోకంలో నా చెవి ఒక్కటే కరెక్ట్ అనుకున్నానండీ. సారీ. కాఫీకి వస్తారా?"

స్టడీలో ఉన్నవాళ్ళతో బయటికి వెళ్ళకూడదని రూల్ ఉందట. అయితే స్టడీ నుంచే తప్పుకుంటానన్నాడు. ఆమె ఫారమ్ ఇచ్చింది. కారణం రాయాల్సిన చోట ఫణి ఒకే ఒక్క మాట రాసిచ్చాడు.

అక్కడ తన పేరు చూసి అవని తలెత్తింది.

"దీన్ని మా ప్రొఫెసర్ చదువుతరు."

"చదవనివ్వండి."

ఆమె ఫారమ్‌ను ఫైల్లో పెట్టి, కంప్యూటర్ ఆఫ్ చేసి, కార్ తాళాలు అందుకుంది. కాఫీ ఎక్కడ బాగుంటుందో తెలుసా అని అడిగింది.

తెలియదన్నాడు ఫణి. ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.