మీటరు మోగిన గది

ఇంజెక్షన్ గదిలో సీసపు డబ్బా మూత తీసి ఉంది. లోపల ఉండాల్సిన మందు వయల్ లేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఉదయం ఎనిమిదీ నలభై. స్కానింగ్ సెంటర్ తలుపులన్నీ మూసేశారు. ఆవిడకు ఒక్కచోట నిలబడే అలవాటు లేదు. గదంతా తిరుగుతూనే అడిగింది.

"అందులో ఏముంది?"

"ట్రేసర్ మేడమ్," అన్నాడు కెమిస్ట్. ముఖంలో నెత్తురుచుక్క లేదు. "రేడియేషన్ ఉన్న మందు. కేన్సర్ కణాల మీద రిసెప్టర్లని కొక్కేల్లాంటివి ఉంటాయి. వాటిని వెతుక్కుంటూ వెళ్లి అతుక్కుంటుంది. స్కాన్ తీస్తే జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. నాలుగేళ్లు కష్టపడ్డాను. మనిషికి ఇవ్వడం ఇవాళే మొదలు."

"ఎవరికి?"

"మా అక్కకి. పక్కగదిలో కూర్చుంది. గంటగంటకీ మందు పవర్ సగం పడిపోతుంది మేడమ్. మళ్లీ కలపడానికి సరుకు లేదు. స్కాన్ చూసి రేపు ఆపరేషన్ సంగతి తేలుస్తానన్నాడు సర్జన్."

"మరి డబ్బా వదిలేసి ఎక్కడికెళ్లావు?"

"ఫోనొచ్చింది. రెండే నిమిషాలు..."

"భేష్! దొంగచేతికి తాళాలిచ్చావన్నమాట."

టెక్నీషియన్ రేడియేషన్ మీటరు పట్టుకుని వచ్చాడు. ఒళ్లంతా చెమట.

"అన్నీ వెతికాం మేడమ్. బీరువాలు, చెత్తబుట్టలు, మా జేబులు కూడా. ఎక్కడా మోగలేదు."

"ఎక్కడా?"

"పక్కనున్న పేషెంట్ గదిలో మోగిందిలెండి. అక్కడ రోజూ మోగేదే. ఇంజెక్షనయ్యాక కూర్చోబెట్టేది అక్కడే కదా."

ఇన్‌స్పెక్టర్ టక్కున ఆగింది.

"ఇవాళ ఎంతమందికి ఇచ్చారు ఇంజెక్షన్?"

"ఇంకా ఎవరికీ..." అతను చేతిలోని మీటరు వైపు చూసుకున్నాడు.

"రోజూ వినే మోతేనని చెవిన పెట్టలేదు మీరు. మందే ఎక్కని మనిషి దగ్గర మీటరెందుకు మోగుతుందయ్యా?"

కెమిస్ట్ అప్పటికే పట్టకారూ, సీసపు డబ్బా పట్టుకుని పక్కగదికి పరుగెత్తాడు.

అక్క తనే హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. రుమాలులో చుట్టిన వయల్.

"ఒళ్లో పెట్టుకున్నావా! నీకేమైనా పిచ్చా అక్కా?" పట్టకారుతో లాక్కుని డబ్బాలో పెట్టాడు. "ఎందుకిలా చేశావు?"

"భయంరా. నీ మందు దేన్నీ వదలదని నువ్వే అన్నావుగా. జబ్బు ఒళ్లంతా పాకిందని తేలితే ఇక ఆపరేషన్ లేదంటారు. తెలియకుండా ఇంకో నాలుగు రోజులు బతకనీరా."

టెక్నీషియన్ సీలు చూశాడు. చెక్కుచెదరలేదు. పవర్ కొలిచాడు. "సరిపోతుంది. ఇంకో పావుగంట దాటితే మాత్రం చెప్పలేను."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంది.

కెమిస్ట్ అక్క ముందు నేలమీద కూలబడ్డాడు.

"నాకూ భయమే అక్కా. ఈ మందు పనిచెయ్యకపోతే బాగుండునని పొద్దున్నుంచీ కోరుకుంటున్నాను. చేసినవాణ్ని నేనే."

అక్క అతన్ని తేరిపార చూసింది. మొట్టికాయ వేసింది.

"ఛీ, వెర్రి సన్నాసీ! నాలుగేళ్లు తిండీ నిద్రా మానేసి చేసిన పనిని అలా అంటారట్రా?" జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. "పొడవండి. వీడి మందు ఎందుకు పనిచెయ్యదో నేనూ చూస్తా."