నా మెషీన్‌లో బాగానే ఉంది

మా మరిది దేవేంద్ర మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆ మనిషి పుట్టి ఇరవై ఎనిమిదేళ్లయింది, ఇంతవరకూ ఒక్క తప్పూ చెయ్యలేదు. బైకు మీంచి పడితే అది రోడ్డు తప్పు. పాలు పొంగిపోతే స్టవ్ తప్పు. మజ్జిగలో ఉప్పుకు బదులు చక్కెర కలుపుకుని తాగిన రోజు కూడా, రెండు డబ్బాలూ ఒకే రంగులో కొన్నందుకు నా వైపే చూశాడు. పూటకో తప్పు చేసే నాలాంటిదానికి ఇలాంటి మచ్చలేని మనిషితో ఒకే ఇంట్లో ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి.

హోసూరులో మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని కంపెనీ పని చేసుకుంటాడు. అది అయిపోయాక ‘అనప’ను చూసుకుంటాడు. అనప అంటే చలికాలం వస్తే మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉడికే కాయ కాదు. అదొక టెక్స్ట్ ఎడిటర్. ప్రోగ్రాములు రాసేవాళ్లు అందులో టైపు చేసుకుంటారు. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు, ముఖ్యంగా తిట్టొచ్చు. లినక్స్, మ్యాక్, ఫ్రీబీఎస్‌డీ అంటూ యూనిక్స్ కుటుంబంలో ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎన్నుంటే అన్నింట్లోనూ అది నడవాలని మావాడి పంతం. పోలండ్ నుంచి ఒకాయన, బ్రెజిల్ నుంచి ఒకామె కోడ్ రాసి పంపుతుంటారు. పాపం, ఇతని చొక్కాలు ఇస్త్రీ చేసేదెవరో వాళ్లకు తెలియదు.

నేనూ కృష్ణగిరిలో బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ చదివినదాన్నే. డిగ్రీకి పటం కట్టించి హాల్లో తగిలించాం. తర్వాత అదే మేకుకు క్యాలెండర్ కూడా తగిలించడంతో నా యూనివర్సిటీ పేరు కనబడటం మానేసింది. అయినా సరే, అనపకు అధికారిక టెస్టర్ని నేనే. కొత్త వెర్షన్ తయారవగానే దేవేంద్ర పిలుస్తాడు. నేను తడిచేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లి ఏదో ఒకటి టైపు చేసి ‘బాగుంది’ అంటాను. ఒకసారి బాగోలేదన్నాను. అది కీబోర్డు తప్పట.

మే నెలలో ఒక ఉదయం దోసె తింటూ ఫోన్ చూసి మొహం ముడుచుకున్నాడు.

“ఏమయిందప్పా?” అన్నాను.

“ఎవురో మోనిషా అంట వదినా. అనపలో బగ్ ఉండాదంట. సేవ్ కొడితే సేవ్ అయిందని చెప్తాదంట. మళ్లా తెరిచి చూస్తే పాత ఫైలే ఉంటాదంట.”

“ఉంటాదేమో.”

“నా మెషీన్‌లో బాగానే ఉంది.”

ఆ మాటే ఆమెకు జవాబుగా రాసి, అనప వెబ్‌సైట్లో ఆ ఫిర్యాదు మూసేశాడు. మధ్యాహ్నానికి అది మళ్లీ తెరుచుకుంది. ‘అయితే మీ మెషీన్ నాకు పంపించండి’ అని ఉంది.

‘మీది ఫ్రీబీఎస్‌డీ. సమస్య అక్కడే. దాన్ని వాడేవాళ్లు పెద్దగా ఎవరూ లేరు’ అని ఇతను.

‘నేనున్నాను. లెక్కలో వేసుకోండి’ అని ఆమె.

“ఏం పొగరు వదినా!” అన్నాడు. సాయంత్రం అదే వాళ్లన్నకు చదివి వినిపించాడు. మరునాడు కాఫీ తాగుతూ మళ్లీ నాకే చదివాడు. తనను ఎవరో తిట్టిన తిట్టును ఒక మనిషి ఇంటిల్లిపాదికీ చదివి వినిపిస్తున్నాడంటే అందులో తిట్టు కాక ఇంకేదో ఉందని నాకు అనుమానం వచ్చింది. నాకు అనుమానాలెక్కువ. ఇద్దరు ఒకే బస్సెక్కితే చాలు, నేను శుభలేఖ అచ్చుకిస్తానని మా ఆయన ధనశేఖర్ అంటుంటారు.

చివరికి ఇంకో ఉదయం దోసె తింటూ దేవేంద్ర ధీమాగా రాశాడు: ‘అంత నమ్మకముంటే మీ మెషీన్ తెచ్చి చూపించండి. నేనుండేది హోసూరు.’

“ఆయమ్మ ఏ ఢిల్లీలోనో ఉంటాది. హోసూరు యాడుండాదో మ్యాపులో వెతుక్కోనీ” అని నవ్వాడు.

జవాబు వెంటనే వచ్చింది. ‘అడ్రసు పంపండి. నాది బాగలూరు, మీ పక్కూరే.’

మావాడికి దోసె ముక్క గొంతులో ఆగింది. అది మాత్రం దోసె తప్పే అయ్యుంటుంది.

మరునాడు మా గేటు ముందు మోపెడ్ ఆగింది. వెనక రోజాపూల పెట్టె, ముందు కాళ్ల దగ్గర తాడుతో కట్టిన పాత సీపీయూ, ఆ రెండింటి మధ్యా చెమటలు కక్కుతూ ఒక అమ్మాయి.

“దేవేంద్ర అంటే ఈడేనా అక్కా?”

“ఈడేనమ్మా. నువ్వూ...”

“బగ్ తెచ్చినానక్కా.”

ఆ నిమిషంలోనే నాకు పిల్ల నచ్చేసింది. డైనింగ్ టేబుల్ మీది మిక్సీ పక్కకు జరిపి సీపీయూకు చోటిచ్చాను. దేవేంద్ర మానిటర్ తెచ్చాడు. మోనిషా అనప తెరిచింది, ఏదో మార్చింది, సేవ్ కొట్టింది, మూసి మళ్లీ తెరిచింది. మార్చింది మార్చినట్టే ఉంది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. అమ్మాయి చెవులు తను తెచ్చిన పూల రంగుకు తిరిగాయి.

మావాడు చేతులు కట్టుకున్నాడు. “చూసినారు కదా. మీ మెషీన్‌లో కూడా బాగానే ఉంది.”

“మా ఇంట్లో ఇట్ల లేదు.”

“అయితే మీ ఇంటి తప్పు.”

చేతిలో గరిటె ఉంది. వదినను కాబట్టి ఊరుకున్నాను.

ఆమెకు నిమ్మరసం ఇస్తే రెండు గుక్కలు తాగి నాతో చెప్పింది. “మాకు ప్లాస్టిక్ కప్పు కింద రోజాలు పెంచే పాలీహౌస్ ఉండాదక్కా. యా టైముకు నీళ్లు చిమ్మాలనేది ఒక ఫైల్లో రాసి పెడితే మోటారు దాని ప్రకారం నడుస్తాది. ఎండలెక్కువైనాయని మధ్యాహ్నం ఇంకోసారి చిమ్మేట్లు మార్చినాను. సేవ్ అయిందనింది. నీళ్లు రాలే. ఒక వరస మొగ్గలన్నీ మాడిపోయినాయి. మార్చినానంటే మా నాయిన నమ్మలేదు. మర్చిపోయి అబద్ధం చెప్తాండావన్నాడు. ఇంకోసారి ఇట్లయితే కంప్యూటర్ని అటక మీద పెట్టేస్తాడంట, నన్ను పాలీహౌస్ పక్కకే రావద్దన్నాడు. మొగ్గలు మళ్లా వస్తాయక్కా, నాయిన నమ్మకం యాడొస్తాది?”

మిగతా నిమ్మరసం ఒక్క గుక్కలో తాగేసింది. దేవేంద్ర కట్టుకున్న చేతులు మెల్లగా విప్పాడు.

ఆమె బయలుదేరుతుంటే వేసవి వాన ముందు చెప్పకుండా దిగింది. మావాడు లోపలికి పరిగెత్తి గొడుగు తెచ్చాడు. నా గుండె పొంగింది. తెచ్చి సీపీయూ మీద పట్టాడు. అమ్మాయి పక్కనే నిలువునా తడుస్తోంది. నేను తల కొట్టుకోబోతుంటే ఏమనుకున్నాడో, గొడుగు కొద్దిగా ఆమె వైపు జరిపాడు. ఇంకొద్దిగా జరిపాడు. కాసేపటికి ఆమె, సీపీయూ, పూలపెట్టె అన్నీ గొడుగు కిందే ఉన్నాయి. ఇతనొక్కడు వానలో ఉన్నాడు.

“మెషీన్‌కేమీ కాదులెండి. బగ్ లేని మెషీన్ కదా” అంది మోనిషా.

దేవేంద్ర నవ్వాడు. తన మీద వేసిన జోకుకు అతను నవ్వడం మా ఇంట్లో అదే మొదలు.

తర్వాత మేడ మీది పాత ల్యాప్‌టాప్‌లోకి ఫ్రీబీఎస్‌డీ వచ్చి చేరింది.

“దాన్ని వాడేవాళ్లు ఎవురూ లేరన్నావే?”

“ఒకరుండారు కదా వదినా.”

ఆ ఒకరి కోసం అనపలో రంగులు సరిచేశాడు. పనిచెయ్యని బాణం కీలు పనిచేయించాడు. ఫైలు తెరుచుకునే వేగం పెంచాడు. ఆమె చేసిన ప్రతి ఫిర్యాదుకూ ఇప్పుడు ‘థాంక్స్’ అని జవాబిస్తున్నాడు. పోలండ్ ఆయనకు అనుమానం వచ్చిందో లేదో గాని, నేను మాత్రం శుభలేఖకు కాగితం కూడా ఎంచేసుకున్నాను. అసలు బగ్ ఒక్కటే దొరకలేదు.

ఒకరోజు నా ఫోన్ మోగింది. “అక్కా, ఇంకో వరస పోయినాది. ఇంక బగ్ వెతకద్దని మీ మరిదికి చెప్పండి. ఇవ్వాళ నాయిన కంప్యూటర్ తీసేస్తాడు.”

చెప్పేలోపే దేవేంద్ర చేతిలో ల్యాప్‌టాప్, కారు తాళాలు ఉన్నాయి. పెళ్లికాని పిల్ల ఇంటికి మగపిల్లాడు ఒక్కడే పోకూడదని చెప్పి నేనూ ఎక్కాను. నిజానికి ఇలాంటిది జరుగుతుంటే ఇంట్లో కూర్చుని బీన్స్ తరగడం నా వల్ల కాదు.

బాగలూరు దాటి పాలీహౌస్ చేరేసరికి మోనిషా నాన్న శేషప్ప భుజాన తువ్వాలుతో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

“నువ్వేనా అప్పా ఆ కంప్యూటర్ సామాను చేసిండేది?”

“సాఫ్ట్‌వేర్ సార్.”

“ఏదో ఒకటి. మా పాప తాను మర్చిపోయి నీ మీద చెప్తాండాది. చూసి చెప్పు. ఎవురి తప్పో తేలిపోనీ.”

లోపల ఉక్క. ఒక పక్క మాడిన వరసలు. మోనిషా మా వైపు చూడకుండా ఎండుటాకులు తుంచుతోంది. నేనూ చదువుకున్నదాన్నే కదా అని, “ఎలుక వైరు కొరికిందేమో” అన్నాను. మావాడూ మోనిషా ఒకేసారి, ఒకేలా నా వైపు చూశారు. నా బీఎస్సీకి అంతకన్నా అవమానం జరగలేదు. నా శుభలేఖకు అంతకన్నా మంచి శకునమూ లేదు.

దేవేంద్ర కుర్చీ లాక్కుని, ఇన్నాళ్లలో మొదటిసారి ఒక ప్రశ్న అడిగాడు. “ఈ ఫైలు యాడుండాది?”

“షెడ్డులో మోటారుని నడిపే చిన్న కంప్యూటర్ పెట్టె ఉండాది, దాంట్లో. ఈడ్నుంచి నెట్‌వర్క్‌లో తెరుస్తాను.”

“మరి మా ఇంట్లో తెరిచింది?”

“అది ఈ మెషీన్‌లో ఉండే కాపీ.”

“ముందే చెప్పాల్సింది కదా?”

“మీరు అడగలేదు. బాగానే ఉందని చెప్పేసినారు.”

మావాడు తన సొంత లినక్స్ ల్యాప్‌టాప్‌ను ఆ నెట్‌వర్క్‌కు కలిపి ఫైలు తెరిచాడు. టైము మార్చాడు. సరిగ్గా సేవ్ కొట్టేటప్పుడు శేషప్ప షెడ్డుకు పోయి మోటారు వేశాడు. లైట్లు ఒక్కసారి మసకబారాయి. తెర అడుగున ‘సేవ్ అయింది’ అని వచ్చింది. మూసి మళ్లీ తెరిచాడు.

పాత టైమే ఉంది. అతని మెషీన్‌లో.

మోటారు మొదలవగానే షెడ్డుకు కనెక్షన్ రెప్పపాటు తెగుతోంది. మార్చింది అవతలికి చేరడం లేదు. చేరలేదని సిస్టమ్ చెబుతూనే ఉంది. అది వినిపించుకోకుండానే అనప ‘సేవ్ అయింది’ అనేస్తోంది. వినిపించుకోకుండా జవాబు చెప్పే అలవాటు దానికి ఎవరి నుంచి వచ్చిందో నేను అడగలేదు.

శేషప్ప తిరిగొచ్చాడు. “ఏమప్పా, తేలిందా?”

“మోటారు వేస్తే నెట్‌వర్క్ తెగతాండాది సార్.”

“అయితే మోటారు తప్పా?”

“కాదు... ఆడ షెడ్డులో కరెంటు...”

“కరెంటు తప్పా?”

దేవేంద్ర తెర మీది పాత టైము వైపు తిరిగాడు. మోనిషా చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.

“ఎవురి తప్పూ కాదంటే మా పాప తప్పే కదా” అన్నాడు శేషప్ప. “వైరు తీసెయ్ పాపా.”

ఆమె వంగి వైరు పట్టుకుంది.

“నాదే” అన్నాడు దేవేంద్ర, గొంతులోనే.

“ఏమప్పా? మోటారు సద్దుకి వినపడలే.”

మోనిషా వైరు వదిలేసి చకచకా షెడ్డుకు నడిచింది. మోటారు ఆగిపోయింది. ఆకుల మీంచి నీళ్లు జారే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

దేవేంద్ర లేచాడు. మాట్లాడింది శేషప్పతో, చూసింది ఆమెను.

“తప్పు నాది మామా. మీ పాప మార్చింది నిజం, సేవ్ కొట్టింది నిజం. చేరిందా లేదా అని చూడకుండా సేవ్ అయిందని అబద్ధం చెప్పింది నేను రాసిన కోడు. ఆమె మొదటిరోజే చెప్పింది. నేను వినలేదు. తప్పంతా నాదే.”

ఇరవై ఎనిమిదేళ్లకు ఒకేసారి రావడం వల్ల కాబోలు, మాట కాస్త గట్టిగానే వచ్చింది. నాకెందుకో కళ్లు తడిశాయి. ఉక్క వల్ల అయ్యుంటుంది.

శేషప్ప ఒకసారి కూతురి వైపు చూశాడు. తర్వాత కిందికి వంగి, సగం ఊడిన వైరును తనే గట్టిగా నొక్కి పెట్టాడు. “మధ్యాహ్నం నీళ్ల టైము మళ్లా మార్చుకో పాపా. నువ్వే చూసుకో” అన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగాడు.

“అంతా సరే అప్పా. నన్ను మామా అన్నావే, అదీ తప్పేనా?”

నేను ఒక అడుగు ముందుకు జరిగాను.

“అదొక్కటీ కాదు” అన్నాడు దేవేంద్ర.

“అట్లయితే మీ అన్నని పిలుచుకుని రా. ముందు పాపని అడుగు.”

దేవేంద్ర ఆమె వైపు తిరిగాడు. మోనిషా నవ్వుతూ చేతులు కట్టుకుంది, అచ్చం ఆ రోజు అతను కట్టుకున్నట్టే.

“నా మెషీన్‌లో బాగానే ఉంది” అంది.