అత్తాకోడళ్ల ఆషాఢ యాత్ర

పొద్దున్నే వాకిలి చల్లి ముగ్గు పెట్టి తలెత్తిన సుభద్రమ్మకు ఎదురుగా కొత్త కోడలు ఆండాళు కనిపించింది. చేతిలో రేకు పెట్టె. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆషాఢం పోవడానికి ఇంకా వారం ఉంది.

“గిదేందే పిల్లా, గిప్పుడొస్తివి?”

“మామ బస్సెక్కించిండు అత్తమ్మా. వాళ్ల బిడ్డలిద్దరు పిల్లల్ని తీస్కొని ఆషాఢానికి వచ్చిన్రు. ఇంట్ల జాగా లేదంట.”

ఆండాళుకు తల్లీ తండ్రీ లేరు. తిరుమలగిరిలో మేనమామ పెంచి, మొన్న వైశాఖంలో పెళ్లి చేసి పంపాడు. ఆషాఢంలో అత్త, కొత్త కోడలు ఒకే గడప దాటకూడదు, దాటితే అత్తకు కీడంటారు. అందుకే కోడలు నెలంతా పుట్టింట్లో ఉండాలి. పుట్టిల్లే లేని పిల్ల ఎక్కడుండాలో మాత్రం ఆ నియమం పెట్టిన మహానుభావులు చెప్పి పోలేదు.

సుభద్రమ్మ భర్త లక్ష్మీనర్సయ్య చౌటుప్పల్ నేతగాళ్ల దగ్గర చీరలు కొని పట్నంలో అమ్ముతాడు. వేపపుల్ల నములుతూ బయటికొచ్చి, సంగతి విని, “అరుగు మీద ఉండనియ్యి. అరుగుకు గడప లేదు గద?” అన్నాడు.

“వానలు మొదలైనై. కొత్త కోడల్ని అరుగు మీద పండవెడ్తే ఊరు నవ్వదా? మాట్లాడితే అర్థముండాలె.”

కొడుకు పరమేశ్వర్ అప్పటిదాకా గోడకు ఆనుకుని పెళ్లాం మొహమే చూస్తున్నాడు. అతనికి పాత గుళ్లంటే పిచ్చి. రాయి మీద నాలుగు అక్షరాలు కనబడితే అన్నం మానేసి నిలబడే రకం.

“అమ్మా, ఇంట్ల ఉంటెనే గద ఈ తంటా? అందరం కలిసి ఇల్లిడిసి పోదాం. పానగల్లు, పిల్లలమర్రి, వాడపల్లి చూసొద్దాం. బట్టల మూటలు మోసే వ్యాను ఉండనే ఉంది. పండుకునేటందుకు బంగ్లాలున్నయి. అవి సర్కారువి. సర్కారు గడపకు అత్తెవరు, కోడలెవరు?”

కొడుకు ఎందుకంత ఉత్సాహపడుతున్నాడో సుభద్రమ్మకు తెలియక కాదు. అయినా వేరే దారి తోచలేదు. ఎండెక్కేసరికి వంట సామానుతో సహా వ్యాను నల్గొండ దారి పట్టింది.

పానగల్లు గుడిలో శివలింగం మీద పడే నీడను చూపించి, అది ఏ స్తంభానిదో చెప్పమని పరమేశ్వర్ అందరికీ పరీక్ష పెట్టాడు. లక్ష్మీనర్సయ్య ఒక్కో స్తంభం దగ్గరికీ వెళ్లి నిలబడి, చివరికి, “నాది గాదు, గంతవరకు చెప్తా” అని కూర్చున్నాడు. ఆండాళు ఫక్కున నవ్వి, అత్త చూస్తోందేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సుభద్రమ్మ చూసింది. ఆ పిల్ల నవ్వితే ఇంత బాగుంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

నల్గొండ బంగ్లా ముందు దిగగానే మాత్రం ఆమెకు అనుమానం పట్టుకుంది. సర్కారుదైనా గడప గడపే కదా? ఆమె ముందు తలుపున, కోడలు వెనక తలుపున లోపలికి వెళ్లారు. సూర్యాపేట బంగ్లాలోనూ అంతే. పిల్లలమర్రి గుడి మెట్ల మీద సుభద్రమ్మ కోడలికి తల దువ్వి జడ వేసింది. పచ్చడి అన్నం తిన్నారు, పాటలు పాడుకున్నారు. ఇల్లు వదిలితే ఇంత హాయిగా ఉంటుందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసేచోటు చూసి వస్తుండగా వాన పట్టుకుంది. దగ్గరలోని చిన్న బంగ్లాకు చేరేసరికి కుండపోత. తీరా చూస్తే దానికి ఒకటే గది, ఒకటే తలుపు.

సుభద్రమ్మ వరండాలో కూలబడింది. ఆండాళు వ్యాన్లోనే ఉండిపోయింది. వ్యాను పైకప్పు కారుతోంది, వరండాలోకి జల్లు కొడుతోంది. బంగ్లా కాపలాదారు యోహాను బిత్తరపోయాడు.

“లోపట మంచాలు పెట్టుకొని ఈ తడుసుడేందమ్మా?”

ఆ మాట ఆండాళు చెవిన పడింది. రేకు పెట్టె పట్టుకుని వానలోకి దిగింది.

“అత్తమ్మా, నన్ను తిరుమలగిరికి తోలుండ్రి. పశుల కొట్టంల పండుకుంట. నా మూలాన మీరు గిట్ల తడుస్తుంటే నా పాణం తరుక్కపోతాంది. యాడికి పోయినా నేను బరువే అయితున్న.”

తల్లి మీద ఎన్నడూ గొంతు లేపని పరమేశ్వర్ అరిచాడు.

“చాలమ్మా! ఒక్క గడప దాటితే ఏమైతది? ఎవలన్న సచ్చిన్రా?”

“మా అత్త సచ్చింది,” అంది సుభద్రమ్మ.

ఆమె కోడలి వైపు తిరిగింది.

“నా పెండ్లైన ఏడు మా అమ్మ మంచంల ఉండె. ఆషాఢంల నన్ను తీస్కపోయేటోళ్లు లేక అత్తింట్లనే ఉన్న. ఆ ఎనక ఊర్ల గత్తరొచ్చింది. వాంతులు బేదులతోని శానమంది పోయిన్రు, అండ్ల మా అత్త గూడ పోయింది. అందరిని గత్తర తీస్కపోయింది, మా అత్తను మాత్రం నేను మింగిన్నంట! ఇప్పటికీ అంటరు. నాకు సావంటే భయం లేదు బిడ్డా. రేపు నాకేమన్నయితే ఆ మాట నీ మీదికొస్తది. అసలే తల్లి లేని పిల్లవు, ఎవలకు చెప్పుకొని ఏడుస్తవు?”

లక్ష్మీనర్సయ్య మెల్లగా, “ఆ మాట నేనెన్నడు అనలే గద” అన్నాడు.

“అనలే. అన్నోళ్లను కాదని గూడ అనలే.”

ఆయన తల దించుకున్నాడు. “కాదు. నువ్వు గాదు సుభద్రా, గత్తర,” అన్నాడు. ఇన్నేళ్లకు విన్న ఆ ముక్కకు ఆమె కళ్లు నిండాయి.

అప్పటిదాకా అత్త సొంత ప్రాణానికి భయపడుతోందనుకుంది ఆండాళు. ఆ భయమంతా తన కోసమేనని తెలిసి వెక్కి వెక్కి ఏడ్చింది.

సుభద్రమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. వంట సామాను దింపించి, పళ్లెంలో బియ్యం పోసి, పసుపూ నెయ్యీ వేసి కలిపింది.

“ఇటు రా పిల్లా. కొంగు పట్టు.”

ఆండాళు నివ్వెరపోయింది. “ఒడిబియ్యం తల్లిగారోళ్లు పోస్తరు గదా అత్తమ్మా?”

“అందుకే పోస్తున్న. ఆషాఢం పోయేదాంక నేను నీ అత్తను గాదు, అమ్మను. గిది నీ తల్లిగారిల్లు. తల్లీబిడ్డలు ఒక్క గడప దాటద్దని ఎవలు చెప్పలే.”

దోసిళ్లతో ఒడిలో బియ్యం పోసి, బొట్టు పెట్టి, చెయ్యి పట్టుకుని గడప దాటించింది. ఇద్దరూ కలిసే అడుగు పెట్టారు.

పరమేశ్వర్ సంబరంగా కళ్లు తుడుచుకుంటూ వెనకాలే బయల్దేరాడు. సుభద్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వేడికిరా? ఆషాఢంల కొత్తల్లుడు అత్తగారి గడప తొక్కద్దు.”

“అమ్మా!”

“అమ్మ గాదు, అత్త. పోయి వ్యాన్ల పండు.”

వరండాలో లక్ష్మీనర్సయ్య పడీ పడీ నవ్వాడు. యోహాను మొహం అటు తిప్పుకున్నాడు. పరమేశ్వర్ దిక్కులు చూస్తూ వానలో నిలబడ్డాడు.

లోపలి నుంచి ఆండాళు గొంతు వినిపించింది. “పాపం, ఆయనకు దుప్పటన్న ఇయ్యరాదే, అమ్మా!”

సుభద్రమ్మ దుప్పటి అందుకుంది గానీ, వెంటనే ఇవ్వలేకపోయింది. దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.