పేర్లు పలకని బంగళా

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఎక్కడైనా ముందు పిల్లను చూస్తారు. డోర్నకల్‌లో సంధ్య వాళ్లింటికి వచ్చినవాళ్లు మాత్రం ప్లేటు కింద పెట్టకముందే బంగళా ఎటువైపని అడిగేవారు. యూట్యూబ్ పుణ్యమా అని, వాళ్ల మిరపచేను వెనకున్న పాడుబడ్డ బంగళా మూడు జిల్లాలకు తెలిసిపోయింది.

నిజాం కాలంలో అక్కడ ఒక రైల్వే కాంట్రాక్టరు హత్య జరిగిందట. ఎవరో తలుపు బయట నిలబడి పేరు పెట్టి పిలిచారు, ఆయన పలికి తలుపు తీశాడు, అంతే సంగతులు. చంపిందెవరో ఈనాటికీ తేలలేదు. లోపల ఎవరి పేరు వినబడితే వాళ్లింటికే వెళ్లి ఆయన వాకిట్లో నిలబడి పిలుస్తాడని ఊరి నమ్మకం. అందుకే ఆ గడప దాటాక ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. కన్నతల్లి కూడా కొడుకును "ఓ పిలగా" అనాల్సిందే.

ఈ దయ్యంతో సంధ్యకు పేచీ లేదు సరికదా, బోలెడు ఉపకారం. నచ్చని సంబంధం వస్తే పిల్లవాణ్ని తనే వెంటబెట్టుకుని బంగళాకు తీసుకుపోయేది. పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తావా అన్నవాడికి గోడ మీద నెత్తుటి మరక చూపించింది. అది ఎవరో తాంబూలం నమిలి ఉమ్మింది. వంట వచ్చా అన్నవాడికి మేడ మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఆ అడుగులు కొండముచ్చులవి. ఇద్దరూ మళ్లీ ఫోన్ చేయలేదు. ఆమె నాయిన భాస్కర్ తల పట్టుకునేవాడు, సంధ్య గదిలోకి పోయి నవ్వుకునేది.

ఈసారి కథ అడ్డం తిరిగింది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఇంజనీరుగా చేస్తున్న శ్రీపాల్ ఆమెకు నచ్చాడు. మిర్చి బజ్జీ కొరికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, వడ్డించిన ఆమె బాపమ్మ, భాస్కర్ తల్లి లీలావతితో "మస్తున్నయి అవ్వా" అని ఇంకొకటి తీసుకున్నాడు. మానుకోట బ్యాంకులో సంధ్య పని ఎలా ఉంటుందని అడిగి, ఆమె చెప్పడం అయ్యేదాకా విన్నాడు. ఆమెకు అంతే చాలు. కానీ బంగళా మాట రాగానే అతని ముఖం సున్నం కొట్టినట్టయింది.

"తప్పకుంట పోవాల్నా?" అని మెల్లగా అడిగాడు.

పోవాల్సిందేనంది అతని మేనత్త. ఆవిడ భూపాలపల్లి నుంచి కారెక్కిందే అందుకట.

భయపెట్టడంలో చేయి తిరిగిన సంధ్య ఆ మధ్యాహ్నం భయం పోగొట్టే పనిలో పడింది. చేను గట్టు మీద నడుస్తున్నంతసేపూ దయ్యం లేదు గియ్యం లేదు, మరక తాంబూలానిది, చప్పుడు కొండముచ్చులది అని ఒక్కొక్కటే విప్పి చెప్పింది. శ్రీపాల్ అన్నింటికీ తల ఊపాడు, ఒక్కటీ నమ్మినట్టు లేదు. ఇతను కూడా పారిపోతే ఎలా అనుకుంటేనే ఆమె గుండె జారిపోయింది.

అంత పట్టుబట్టిన మేనత్త తీరా అక్కడికి వచ్చాక వరండాలోనే ఆగిపోయింది. బాపమ్మ ఆవిడకు తోడుగా కూర్చుంది. సంధ్య, శ్రీపాల్ లోపలికి వెళ్లారో లేదో తలుపు ధడేల్మంది, గబ్బిలాలు లేచాయి, మేడ మీద ఎవరో పరుగెత్తారు. శ్రీపాల్ గోడకు అతుక్కుపోయాడు. పేరుతో పిలవకూడదు కదా, సంధ్య తడుముకుని అంది.

"ఇగో, జర సూసి రాండ్రి. మెట్టు ఇరిగింది."

వరండాలోంచి బాపమ్మ నవ్వు వినబడింది. లగ్గం కాకముందే మొగుణ్ని పిలిచినట్టు పిలుస్తున్నదని ఆవిడ మేనత్త చెవిలో వేస్తోంది, ఊరంతా వినేటట్టు. సంధ్య చెంపలు ఎర్రబడ్డాయి. అంత భయంలోనూ శ్రీపాల్ చిన్నగా నవ్వాడు.

ఆ నవ్వు చూస్తూ మెట్లెక్కి మేడ మీద అడుగు పెట్టింది కాబట్టి, పుచ్చిన చెక్క ఆమె కంటబడలేదు. కాలు మోకాలిదాకా దిగిపోయింది. గుప్పున దుమ్ము లేచి శ్రీపాల్‌కు ఆమె కనిపించలేదు.

"సంధ్యా!"

ఆ కేక గదిగదికీ పాకింది. ఒక్క ఉరుకులో వచ్చి ఆమెను పైకి లాగాడు. కాలు గీరుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. కింద మేనత్త మాత్రం గుండెలు బాదుకుంది. పేరు బయటపడింది, ఇక ఆ పిల్లను దయ్యం వదలదు, ఈ సంబంధం మనకొద్దు అని తెగేసి చెప్పింది.

ఏనాడూ దయ్యాన్ని నమ్మని సంధ్యకు ఏడుపొచ్చింది. అందరినీ తరిమిపెట్టిన బంగళా, కావాలనుకున్న ఒక్కణ్ని కూడా తరిమేస్తోంది.

శ్రీపాల్ ఆమె చేయి పట్టుకునే, చీకటి గది వైపు తిరిగాడు.

"నా పేరు శ్రీపాల్. చెల్పూర్ల క్వార్టర్స్‌ల ఉంట. ఆమె పేరు ఇన్నవు గద, నాది గుడ ఇను."

సంధ్య నోరు తెరుచుకుని చూసింది. "భయమైతలేదా?"

"మస్తు భయమైతున్నది."

"మరెందుకు చెప్పిండ్రు?"

"నీ పేరు నా నోట్లకెళ్లే వచ్చింది. ఆయన వచ్చి పిలిచిననాడు నీ పక్కన నేనుండాలె."

చాలామందిని ఇక్కడికి తెచ్చానని, పారిపోకుండా ఉండిపోతే బాగుండునని ఇతన్ని చూశాకే అనిపించిందని సంధ్య తల వంచుకుని చెప్పింది. ఈ మాటలన్నీ కిందికి వినబడుతున్నాయన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

వరండాలో బాపమ్మ గొంతు సవరించుకుని మేనత్త వైపు తిరిగింది.

"సూడు బిడ్డా, ఆయన ఇద్దరి పేర్లు ఇన్నడు. ఒగలు డోర్నకల్ల, ఒగలు చెల్పూర్ల ఉంటె ముసలాయన ఎన్ని బస్సులు మారాలె? ఇద్దర్ని ఒక్క ఇంట్ల ఉంచితె ఆయనకు తిప్పలు తప్పుతయి."

మేనత్త పెదవి బిగబట్టింది. ఆగలేక ఫక్కుమని నవ్వేసింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుని, మాఘంలో మంచి రోజేదో అయ్యగారిని అడగమంది.

మెట్లు దిగుతూ శ్రీపాల్ ప్రతి చప్పుడుకూ వెనక్కి తిరిగి చూశాడు. మిరపచేను దాటి ఇంటి అరుగెక్కేదాకా అతను సంధ్య చేయి వదల్లేదు.