పదిహేడో నంబరు

పెద్దల వారం మొదటిరోజు పొద్దున్నే ఫుసయె ఎర్ర చిక్కుడు ముద్ద పట్టించిన అన్నం ఉండలు చేసి మూడు పళ్ళేల్లో సర్దింది. ఒకటి మామగారికి. ఒకటి యుద్ధానికెళ్ళి ఎముకైనా తిరిగిరాని బావగారు సేయిజోకి. మూడోది చూడగానే అత్తగారు తత్సు మొహం చిట్లించింది.

"అదెవరికే?"

"మా నాన్న సమాధికి, అత్తయ్యా."

"బడి తుపాకీ దొంగకి నా బియ్యమా? తియ్యవతలికి."

ఏటా ఉన్న గొడవే. దేశం ఓడిన ఏడు అమెరికావాళ్ళొచ్చి బడిలో కవాతు తుపాకులు లెక్కపెడితే పదిహేడో నంబరు లేదు. తాళంచెవి బంట్రోతు తోకుజిది. ఉద్యోగం పోయింది, దొంగ పేరు మిగిలింది. ఆ తోకుజి కూతురే ఇప్పుడు హెడ్మాస్టరుగారి ఇంటికి కోడలు.

కొట్టుగది కప్పు కారుతోందని ఎక్కిన ఫుసయె మొగుడు యసువో, నూనెగుడ్డ మూటతో దిగాడు.

"అమ్మా, దూలం మీద దొరికింది."

విప్పితే తుపాకీ. చిన్నప్పుడు బళ్ళో అలాంటివే మోసినవాడు కనక యసువో ఒక్కో గుర్తూ తడిమి చెప్పాడు.

"ముప్పై ఎనిమిదో రకం. ఈ నాలుగు గుండ్రాలూ ఆయుధశాల ముద్ర. పాతబడ్డవి బళ్ళకిచ్చేటప్పుడు ఈ చదువుల శాఖ అక్షరం కొట్టేవాళ్ళు. కర్ర మీద కాల్చిన అంకె..." ఆగాడు. "పదిహేడు."

"చూశావా! ఆ దొంగ మనింట్లోనే దాచి చచ్చాడు!"

ఫుసయె చేతులు తుడుచుకుంది. "మా నాన్నని వాకిలి దాటి ఎప్పుడు రానిచ్చారత్తయ్యా, దూలమెక్కడానికి?"

"ఉండండి," అన్నాడు యసువో. "అమెరికావాళ్ళకి అప్పగించేముందు వీటి మీద చక్రవర్తి చేమంతి పువ్వుని ఆకురాయితో అరగదీయాలని ఉత్తర్వు. హెడ్మాస్టరుగా రెండ్రోజులు కూర్చుని నాన్నే అరగదీశాడు. దీని రేకులు పదహారూ చెక్కు చెదరలేదు."

తిప్పి చూశాడు. భుజానికి ఆనించే చెక్క అడుగున, బళ్ళో దాన్ని మోసిన కుర్రాడు మేకుతో గీసుకున్న పేరు ఉంది: సేయిజో.

తత్సు ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"నీ సంబంధం నేనొద్దంటే మీ మామ మూడ్రోజులు అన్నం మానేశాడే," అంది చివరికి. "బంట్రోతు కూతురే కోడలు కావాలన్నాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. కొడుకు గుర్తని దీన్ని ఆయనే దాచుకున్నాడు. నోరు విప్పి నిజం చెప్పలేక నిన్ను తెచ్చుకున్నాడు."

"పోయేముందు కూడా మా నాన్న నన్నడిగాడు అత్తయ్యా, పదిహేడు దొరికిందా అని." అంది ఫుసయె.

యసువో మెల్లగా అన్నాడు. "పోలీసులకి చెప్పాలమ్మా. దీన్ని పట్టుకుపోతారు."

"పోనీరా. మధ్యాహ్నం చెబుదువుగాని."

ముసలమ్మ చేతులు కడుక్కుని వచ్చి, పెద్దకొడుకు పళ్ళెంలోంచి పెద్ద ఉండలు రెండు తీసి మూడో పళ్ళెంలో పెట్టింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని గడప దాటి ఆగిపోయింది.

"ముందు నువ్వు నడువమ్మా. ఆయన సమాధి ఎక్కడో నాకు తెలీదు."