చప్పట్లతో హత్య

హత్య జరిగినప్పుడు హాలు నిండా జనం ఉన్నారు. ఒక్కరికీ అనుమానం రాలేదు సరికదా, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

పోయింది మనిషి ప్రాణం కాదు. ఆ సాయంత్రం స్టేజీ మీద గాజు జ్ఞాపిక అందుకున్న పెద్దమనిషి, ఒంటిచేత్తో నడుపుకోగల చక్రాల కుర్చీ కనిపెట్టినవాడు, హాయిగా ఇంటికెళ్లి నిద్రపోయాడు. పోయింది ఆయన హక్కు. బ్రేకు ఎలా పడుతుందో, స్ప్రింగు ఎక్కడ ఉంటుందో మైకు ముందు నిలబడి బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఆ వీడియో ఊరూరా తిరిగింది. తరవాత తీరిగ్గా పేటెంటుకు దరఖాస్తు పెడితే ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. లోకానికి ముందే తెలిసిపోయినదాన్ని కొత్తది అనడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. ఈలోగా సముద్రం అవతల ఒక కంపెనీ అదే కుర్చీని తయారుచేసి, ఆయనే కొనలేని ధరకు అమ్మడం మొదలుపెట్టింది.

"ఇది మూడో హత్య," అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంటు డైరెక్టర్, టీవీ ఆపేస్తూ.

ఎదురుగా కూర్చున్న ఏజెంటు ఆవులించాడు. అది అమర్యాద కాదు, అలవాటు. డిపార్ట్‌మెంటులో అతని కోడ్‌నేమ్ కూడా 'ఆవులింత'. ఏళ్ల తరబడి విదేశీ ముఠాల వెంట తిరిగి అతని మోకాళ్లు అరిగిపోయాయి. డెస్కు ఉద్యోగం ఇప్పించమని ఏటా అడుగుతాడు. ఏటా ఎవడో ఒకడు దేశం మీద పడి అడ్డం వస్తాడు.

"రహస్యాన్ని దొంగిలించడం పాతకాలం పద్ధతి," అన్నాడు డైరెక్టర్. "తాళాలు పగలగొట్టాలి, కేసులవుతాయి. వీళ్లు రహస్యాన్ని బయట పెట్టిస్తున్నారు. అవార్డిస్తాం రమ్మంటారు. కనిపెట్టినవాడు మురిసిపోయి అంతా చెప్పేస్తాడు. దాంతో అది ఎవరిదీ కాకుండా పోతుంది. పెద్ద ఫ్యాక్టరీ ఉన్నవాడు ఎత్తుకుపోతాడు. ఎవరి మీద కేసు పెడతాం? చప్పట్ల మీదా?"

"ఈసారి ఎవరు సార్?"

"ఒక నర్సు. పసిపిల్లల వార్డులో చేసి రిటైరైంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి గొట్టాలు ఊడిపోకుండా టేపు అంటిస్తారు కదా. అది పీకితే చర్మం కూడా లేచొస్తుంది. ఈవిడ చేసిన టేపు మీద గోరువెచ్చటి నీళ్లు చల్లితే చాలు, దానంతటదే వదులుతుంది. ఈ సాయంత్రమే సన్మానం."

"ఫోన్ చేసి చెప్పకపోయారా?"

"చేశాం. పేటెంటు అనగానే ఏదో అమ్మడానికొచ్చాం అనుకుని పెట్టేసింది."

"కబురిచ్చిందెవరు?"

"నెమలి."

ఏజెంటు ఆవులింత సగంలో ఆగిపోయింది. నెమలి అటు ముఠాకీ ఇటు డిపార్ట్‌మెంటుకీ పనిచేసే డబుల్ ఏజెంటు. ఆమె నవ్వితే మంచి మంచి ఇంజనీర్లు తమ డ్రాయింగులు తామే మడిచి చేతిలో పెడతారు. ముఠా పెట్టే సన్మాన సభలన్నింటికీ ఆమే యాంకరు.

మిగతా బ్రీఫింగు త్వరగానే అయిపోయింది. వేషం: సౌండు మెకానిక్కు. ఆయుధం: ఒక చేతి గడియారం, మీట నొక్కితే హాల్లో మైకులన్నీ మూగబోతాయి. సహాయం: డిపార్ట్‌మెంటు పేటెంటు లాయరమ్మ, హాలు వెనక వ్యానులో లాప్‌టాప్‌తో సిద్ధంగా ఉంటుంది. దరఖాస్తు చేరి నంబరు రాగానే ఆమె ఏజెంటు చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చెప్పవలసిన కోడ్: 'రాజహంస గూడు చేరింది'. ఆ కోడ్ డైరెక్టరే స్వయంగా రాశాడు. బాగుందని అందరూ అనేదాకా ఊరుకోలేదు.

స్టేజీ వెనక గదిలో నర్సమ్మ ఒక్కతే కుర్చీ అంచున కూర్చుని, పెదవులు కదుపుతూ ఏదో వల్లెవేసుకుంటోంది. మొహానికి పౌడరు కాస్త ఎక్కువైంది. ఏజెంటు టోపీ సర్దుకుని, వైర్ల సంచీ దించి, ఆమె ముందు వంగాడు. మోకాళ్లు చప్పుడు చేశాయి.

"కాలరు మైకు పెట్టాలమ్మా."

"పెట్టు నాయనా. నాకు మైకెందుకు గానీ. పిల్లలంతా ఒక్కసారే గుక్కపట్టి ఏడుస్తుంటే, వాళ్ల మీంచి డాక్టర్ని కేకేసిన గొంతు ఇది."

ఏజెంటు గడియారం వంక చూసుకుని నిట్టూర్చాడు. ఉన్న ఒక్క ఆయుధమూ అక్కడితో సరి. ఇప్పుడు ఏదైనా కట్టుకథ చెప్పి ఆమెను నమ్మించాలి. అలాంటివి అతని దగ్గర చాలా ఉన్నాయి. కానీ అల్లి చెప్పే ఓపిక లేక నిజం చెప్పేశాడు. తనెవరో, సన్మానం చేసేవాళ్లెవరో, చక్రాల కుర్చీ పెద్దాయనకు ఏమైందో దాచకుండా చెప్పాడు.

నర్సమ్మ రోగి తరపువాళ్ల మాట విన్నట్టుగా, మధ్యలో అడ్డుపడకుండా అంతా విన్నది.

"నేను దాని మీద సంపాదించుకుందామని చెయ్యలేదు నాయనా. అందరికీ ఇచ్చేద్దామనే."

"ఇవ్వండమ్మా. కానీ ఇవ్వాలంటే ముందు అది మీదై ఉండాలిగా. మీ పేరు మీద ఉంటే, ఊరికే తయారుచేసుకోండని ఏ ఆసుపత్రికైనా మీరే చెప్పచ్చు. పిండుకుందామని వచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆపచ్చు. ఇవాళ అంతా చెప్పేస్తే ఆపే హక్కు మీకుండదు. వాళ్లు అటూ ఇటూ చిన్న మార్పులు చేసి, వాటి మీద వాళ్ల పేరు వేసుకుని, రంగుల పెట్టెలో పెట్టి మీ వార్డుకే అమ్ముతారు."

"మా వార్డా? దూది కొనడానికే ఏడుస్తుంది." ఆమె కాసేపు చేతుల వంక చూసుకుంది. "అయితే మాట్లాడొద్దంటావు."

ఏజెంటు చేతిలోని మైకు వైరు చిక్కు తీయసాగాడు.

"ముప్ఫై ఏళ్లు చేశాను నాయనా. సిస్టర్, ఇది పట్టుకో. సిస్టర్, అది పట్టుకురా. నువ్వేమంటావు సిస్టర్ అని అడిగినవాళ్లు లేరు. ఇవాళ అడుగుతున్నారు కదాని అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేసుకున్నాను. మా మరిది విని విని విసిగిపోయాడు. అసలు ఆ టేపు అంటించి చూడ్డానికి నాకు దొరికింది కూడా పాపం అతని చెయ్యే. దాని మీద వెంట్రుకన్నది మిగల్లేదు."

ఏజెంటుకు నవ్వొచ్చింది, వెంటనే మనసంతా అదోలా అయిపోయింది. అవతలివాళ్ల పన్నాగం ఎంత నీచమైనదో అతనికి అప్పుడు బాగా అర్థమైంది. డబ్బు ఆశ చూపిస్తే ఈవిడ గుమ్మం కూడా దిగేది కాదు. ఎవరైనా తనను అడిగితే బాగుండునన్న కోరికను పసిగట్టి, దాన్ని ఎర వేశారు.

"మాట్లాడొద్దనట్లేదమ్మా, కాస్త ఆగమంటున్నాను. ముందు ఒక్క మనిషికి చెప్పండి. ఈ మైకు హాలుకి కలపలేదు, బయట వ్యానులో మా లాయరమ్మకి కలిపాను. లాయరుకి చెప్పింది గుట్టుగానే ఉంటుంది. ఆవిడ రాసి దరఖాస్తు పెట్టేస్తుంది. నంబరు రాగానే నేను ఈ టోపీ తీస్తాను. ఆ తరవాత మీ ఇష్టం, లోకమంతా వినేట్టు చెప్పండి."

నర్సమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. జిగురులో ఏం కలిపింది, ఎంత వేడి మీద కరిగించింది, బట్ట ఎలాంటిది వాడింది, అన్నీ చెప్పింది. లాయరమ్మ చెవిలో అడిగిన ప్రశ్నలు ఏజెంటు నర్సమ్మకు వినిపించాడు. చివర్లో అతని ఫోన్ మీద వేలితో సంతకం కూడా పెట్టింది. అప్పుడే తలుపు తెరుచుకుని తళతళలాడే బట్టల్లో నెమలి వచ్చింది. నర్సమ్మను స్టేజీ వైపు పంపి, ఏజెంటును ఎగాదిగా చూసింది.

"టోపీ నప్పలేదు నీకు."

"కబురిచ్చిందీ నువ్వే, ఆవిణ్ణి తీసుకెళ్లేదీ నువ్వే."

"రెండు ఉద్యోగాలు కదా, దేనికీ అన్యాయం చెయ్యకూడదు. మీ పని పొద్దున అయిపోయింది. ఈ పూట వాళ్లది."

"అలసిపోవడం లేదూ?"

"నేను అలసిపోతే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లెవరు?" అని ఆమె నవ్వు మొహానికి తగిలించుకుని వెళ్లిపోయింది.

హాలు నిండింది. ముందు వరసలో మెరిసే బూట్ల విదేశీయుడు, అతని పక్కన స్టాండు మీద కెమెరా. కార్యక్రమం లైవులో వెళుతోంది. వరస ప్రకారం ముందు నర్సమ్మ, చివర్న ముఖ్య అతిథి. ముఖ్య అతిథి ఒకప్పుడు ఏదో బోర్డుకు చైర్మన్. ఏ బోర్డో ఎవరికీ గుర్తులేదు గానీ, ఆయన మైకు పట్టుకుంటే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు. చివర్న పెట్టింది అందుకే.

చెవిలో లాయరమ్మ గొంతు వినిపించింది. "రాయడం అయింది. అప్‌లోడ్ అవట్లేదు. సర్వరు గిర్రున తిరుగుతూనే ఉంది."

"ఎంతసేపు?"

"నన్నడిగితే ఏం చెప్పను? సర్వరు నా మేనమామా?"

స్టేజీ మీద నెమలి తియ్యగా మొదలుపెట్టింది. "ఇప్పుడు మన సిస్టర్, తన అద్భుతమైన ఆవిష్కరణ వెనకున్న రహస్యాన్ని..."

ఏజెంటుకు ఆలోచించే టైము లేదు. ఇంకో మైకు పట్టుకుని ముఖ్య అతిథి చెవి దగ్గర వంగాడు. "సార్, ముందుగా మీరే మాట్లాడాలంటున్నారు జనం."

మాట పూర్తి కాకుండానే ఆయన లేచాడు. మైకు ఏజెంటు ఇచ్చాడో, ఆయనే లాక్కున్నాడో చెప్పడం కష్టం. చక్రం కనిపెట్టిన ఆదిమానవుడి దగ్గర ఎత్తుకున్నాడు. నెమలి నోరు తెరిచి, మూసుకుని, పక్కకు జరిగింది.

ఆయన కాస్త నెమ్మదించినప్పుడల్లా ఏజెంటు గోడ పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు. ఒకడు కొడితే పదిమంది కొట్టడం సభల్లో మామూలే. పెద్దాయనకు పూనకం వచ్చింది. చక్రం సరిపోలేదని నిప్పు దాకా వెనక్కి వెళ్లాడు. నెమలి చీటీలు పంపింది. ఆయన చదవకుండా జేబులో వేసుకున్నాడు. వెనక వరసల్లో జనం ఒక్కొక్కరే లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. ఏజెంటు అరచేతులు మండిపోతున్నాయి. ఇంతమంది హంతకులు వాడిన ఆయుధం ఇంత బరువని అతనికి తెలియదు.

నెమలి తెలివైనది. కెమెరాను స్టాండుతో సహా నర్సమ్మ కుర్చీ దగ్గరికి జరిపించి, చిన్న మైకు ముందు పెట్టింది.

"ఆయన మాట్లాడుతూనే ఉంటారు సిస్టర్. మీరు కెమెరాకి చెప్పేయండి. ఆ జిగురు దేంతో చేశారు? అసలు ఆ ఆలోచన మీకెలా వచ్చింది?"

ఏజెంటు హాలుకు ఈ చివర ఉన్నాడు. మధ్యలో కుర్చీలు, లేచిపోతున్న జనం. నర్సమ్మ మొహం వెలిగిపోవడం అంతదూరం నుంచీ కనిపించింది. ముప్ఫై ఏళ్లకు ఒకరు అడిగారు. ఆమె కళ్లు ఒక్కసారి టోపీ కోసం వెతికాయి. టోపీ అతని నెత్తి మీదే ఉంది. పెదవులు విడివడ్డాయి. "ఏం లేదమ్మా, మామూలుగా దొరికే..."

"అయిపోయింది," అంది చెవిలో లాయరమ్మ. "నంబరొచ్చింది."

"రాజహంస..."

"ఏ హంస? నంబరొచ్చిందంటున్నాను."

ఏజెంటు టోపీ లాగి గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. నర్సమ్మ చూసింది. నోరు మూసుకుంది. మెల్లగా చిన్న మైకును చేత్తో పక్కకు తోసింది.

"చెప్తానమ్మా. ఇలా గుసగుసగా కాదు, అక్కడ నిలబడి చెప్తాను."

నెమలి వెనక్కి తిరిగి ఏజెంటు చేతిలోని టోపీ చూసింది. ఆమెకు విడమర్చి చెప్పక్కర్లేదు. ముందు వరసకు వెళ్లి ఒక ముక్క చెప్పింది. మెరిసే బూట్లు లేచి, గబగబా తలుపు దాటి వెళ్లిపోయాయి. కెమెరా అబ్బాయికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అతను కెమెరాను మళ్లీ స్టేజీకి తిప్పాడు.

మిషన్ ముగిసింది. పని కాగానే ఎవరి కంటా పడకుండా మాయమవడం డిపార్ట్‌మెంటు నియమం. ఏజెంటు వైర్లు చుట్టుకున్నాడు. ఇల్లు గుర్తొచ్చింది, మంచం గుర్తొచ్చింది. తలుపు దాకా వెళ్లి ఒక్కసారి వెనక్కి చూశాడు, అదే పొరపాటు.

ముఖ్య అతిథి అప్పటికి ఆవిరి యంత్రం దాకా వచ్చాడు. ఆపే సూచన లేదు. ఆయన వెనక రెండడుగుల దూరంలో నర్సమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వార్డులో డాక్టర్ల వెనక ఎలా నిలబడేదో అలాగే, పెద్దవాళ్ల మాట అయ్యేదాకా. ఆమెకు విసుగు కూడా లేదు. నిలబడటం అలవాటైపోయింది.

ఏజెంటుకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆయన్ని లేపి అక్కడ నిలబెట్టిన తన మీద. సంచీ కింద పడేశాడు. కుర్చీలు తోసుకుంటూ వెళ్లి, ఒక్కో మెట్టూ మూలుగుతూ స్టేజీ ఎక్కి, లైట్ల వెలుగులో కెమెరాకు ఎదురుగా నిలబడ్డాడు. పెద్దాయన చేతిలో మైకు పట్టుకున్నాడు.

"చాలు సార్. ఆవిడ మాట్లాడాలి."

ఆ మాట ఆయనతో అంతకుముందు ఎవరూ అనలేదు కాబోలు. చిన్నపిల్లాడిలా వెళ్లి కూర్చున్నాడు.

నర్సమ్మ మైకు తీసుకుని, చూసి, పక్కన పెట్టేసింది. అరచేతిలో పట్టేంత పాప గురించి చెప్పింది. టేపు తీస్తే చర్మం రావడం, ఆ పాపకు ఏడవడానికి కూడా శక్తి లేకపోవడం, దుప్పట్ల గదిలోకి వెళ్లి పాప బదులు తను ఏడవడం చెప్పింది. ఆ తరవాత జిగురు సంగతి మొదలుపెట్టింది. గుమ్మం దాకా వెళ్లినవాళ్లు ఆగారు. కొందరు వచ్చి కూర్చున్నారు. నెమలి కూడా చివరి వరసలో చెప్పులు విడిచి కూర్చుంది, ఈసారి ఎవరి తరపునో తెలియదు.

స్టేజీ మెట్టు మీద చతికిలబడ్డ ఏజెంటు జేబులో ఫోన్ మోగింది.

"నీ మొహం లైవులో వస్తోంది, తెలుసా?" అన్నాడు డైరెక్టర్. "ప్రతి ముఠావాడూ చూసుంటాడు. ఇన్నేళ్ల రహస్యం ఒక్క నిమిషంలో బయట పెట్టుకున్నావు. ఇక ఏ ఆఫీసూ నీకు పేటెంటు ఇవ్వదు. ముందు అక్కణ్ణించి లే. వింటున్నావా?"

"లేదు సార్," అన్నాడు ఏజెంటు. "ఇక్కడ ఆవిడ మాట్లాడుతోంది."